అక్క ఉంది

ఖమ్మం,
2 ఫిబ్రవరి 2025

శ్యామలక్కా,

పెద్ద విషయాలు ఉత్తరాల్లోనే మాట్లాడుకుందామని నువ్వు రూలు పెట్టి మూడేళ్ళు దాటింది. ఫోన్లో అయితే అనిల్ బావ ఒక చెవి, లోహిత్ ఒక చెవి వేస్తారంటావు. నీ ఉత్తరం తెచ్చిన ప్రతిసారీ మా పోస్ట్‌మ్యాన్ ఏడుకొండలు "సింగపూర్‌ల ఫోన్లు లెవ్వా మేడమ్?" అని అడుగుతాడు. మా అక్కకు చాదస్తం అని చెప్పి తప్పించుకుంటాను.

ఇప్పుడు నిజంగానే పెద్ద విషయం వచ్చింది. సుధాకర్‌ను ఆఫీసువాళ్ళు సింగపూర్ వెళ్తావా అని అడిగారు. మూడేళ్ళకు. మార్చి నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి. ఆయన హైదరాబాద్‌లో, నేనూ మా అమ్మాయి అక్షరా ఖమ్మంలో. వారానికి రెండు రోజుల మొగుడితో ఎనిమిదేళ్ళు గడిపాను. శనివారం వచ్చి ఉతికే బట్టలు ఇచ్చి, సోమవారం ఉతికినవి పట్టుకుపోతాడు. వెళ్తే ముగ్గురం ఒక ఇంట్లో ఉంటాం.

కాని నా ఉద్యోగం సంగతి నీకు తెలుసు. పదకొండేళ్ళు కాంట్రాక్టు లెక్చరర్‌గా, ఏటా జూన్ వస్తే గుండె చేత్తో పట్టుకుని బతికాను. రెండేళ్ళ క్రితమే పర్మనెంట్ చేశారు. ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పడం తప్ప నాకింకో పని రాదు, చేతులు కట్టుకుని ఇంట్లో కూర్చోవడం అసలే రాదు.

అందుకని ఒక తెల్ల కాగితం మధ్యకు మడిచాను. ఎడమవైపు మంచి, కుడివైపు చెడు. మంచివైపు మొదట రాసింది "అక్క ఉంది." తరువాత ఏం రాయాలో నువ్వే చెప్పు. ఒక అనుమానం కూడా తీర్చు. భర్త మీద ఆధారపడి వచ్చేవాళ్ళకిచ్చే డిపెండెంట్ పాస్ మీద అక్కడ ఉద్యోగం చేయడానికి లేదని నెట్‌లో చదివాను. నువ్వు అదే పాస్ మీద ఉండి ట్యూషన్ సెంటర్లో లెక్కలు చెప్తున్నావు కదా. మరి ఆ రాతల అర్థం ఏమిటి?

తొందరగా రాయి. కాగితం సగం ఖాళీగా ఉంది.

నీ రాధ

---

సెంగ్‌కాంగ్,
15 ఫిబ్రవరి 2025

రాధమ్మా,

కరెంటు బిల్లుకూ పిజ్జా ప్రకటనకూ మధ్య నీ ఉత్తరం దొరికింది. లిఫ్టులోనే చించి చదివేశాను. పదకొండో అంతస్తులో దిగడం మరిచిపోయి మళ్ళీ కిందికి వచ్చాను. నువ్వు ఇక్కడికి రావడమా! నా మొహం చూసి ఎవరో పెద్దాయన నవ్వాడు.

కాగితం తీసుకో, చెప్తాను. మంచివైపు రాసుకో. ఆడపిల్ల ఏ వేళప్పుడు బస్సు దిగినా భయం లేదు. అక్షర పదేళ్ళకల్లా ఒక్కతే బడికి వెళ్ళొస్తుంది. మా సెంగ్‌కాంగ్‌లో డ్రైవరు లేని చిన్న రైలు ఉంది, ఇళ్ళ మధ్యలోంచి చుట్టూ తిరిగి ఎక్కినచోటే మళ్ళీ దింపుతుంది. అక్షరను ముందు అద్దం దగ్గర నిలబెడితే దిగనని మారాం చేస్తుంది.

చెడు కూడా చెప్పాలిగా. బడిలో తెలుగు లేదు. హిందీయో తమిళమో పట్టాలి. లోహిత్ హిందీ తీసుకున్నాడు. నేను తెలుగులో అడిగిన ప్రతిదానికీ "కెన్ లా, అమ్మా" అంటాడు, ఇక్కడి ఇంగ్లిషులో అలాగేలే అని. ఇల్లు చిన్నది. బట్టలు వెదురు కర్రలకు గుచ్చి కిటికీలోంచి బయటికి చాపాలి. మేం వచ్చిన మొదటి నెలలో మీ బావ లుంగీ ఎగిరి, రెండంతస్తుల కింద రాజామణి గారి కిటికీకి తగులుకుంది. ఆవిడ దాన్ని మడతపెట్టి తెచ్చి, "ఇది మన తెలుగువాళ్ళదే అనుకున్నాను" అంది. అలా స్నేహం కుదిరింది. ఆవిడది మలేషియా తెలుగు. ముత్తాతలు తోటల పనికి వెళ్ళినవాళ్ళు. ఇప్పుడు ఒక క్లినిక్‌లో కౌంటరు చూస్తుంది.

మొన్న క్లాసులో ఒక పిల్ల, మూడింట రెండు పెద్దదా నాలుగింట మూడు పెద్దదా అంటే, "టీచర్, కేక్ ఏ సైజు?" అని అడిగింది. దానికేం చెప్పను? నవ్వాపుకోలేకపోయాను.

నెట్‌లో రాసినవన్నీ పట్టించుకుంటే ఎవరూ గడప దాటరు. ముందు నువ్వు రా. మిగతావి ఇక్కడ చూసుకుందాం. మంచివైపు మొదట ఏం రాశావో నీకు గుర్తుందిగా.

అక్షర బుగ్గల మీద నా బదులు నువ్వే ముద్దుపెట్టు.

శ్యామలక్క

---

ఖమ్మం,
3 మార్చి 2025

అక్కా,

నీ లుంగీ కథ విని సుధాకర్‌కు నవ్వి నవ్వి పొలమారింది. ఆయన మనసు అప్పుడే విమానం ఎక్కేసింది. నాదే కాలేజీ గేటు దగ్గర ఆగిపోయింది.

మొన్న ప్రిన్సిపాల్ గారిని కలిశాను. ఆయన ఏమన్నాడో ఆయన మాటల్లోనే రాస్తున్నాను. "ఇగో రాధమ్మా, మొగుడి దగ్గరికి పోతున్న అని పొడుగు సెలవు పెట్టుకో. ఉద్యోగం యాడికి పోదు. మూడేండ్లయినంక వచ్చి మల్ల నీ కుర్చీల కూసో. గని ఒక్క ముచ్చట, ఆ సెలవుల ఆడ ఇంకో కొలువు చెయ్యొద్దు. చేస్తనంటే మాత్రం రాజీనామా ఇయ్యాలె."

ఇప్పుడు అర్థమైందా నా చిక్కు? అక్కడ పని దొరకదంటే సెలవు పెడతాను, ఉద్యోగం భద్రంగా ఉంటుంది. పని దొరుకుతుందంటే రాజీనామా ఇచ్చి దర్జాగా వస్తాను. మూడేళ్ళు ఖాళీగా కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. అందుకే పాస్ సంగతి అడిగాను. నువ్వేమో అన్నీ రాసి దానికొక్కదానికే జవాబు రాయలేదు.

ఎందుకు రాయలేదో రెండు రోజులు ఆలోచించాను. కోపం తెచ్చుకోకు. మీ సెంటర్లో నన్ను చేర్చమంటానని మొహమాటపడుతున్నావా? నా ఇంగ్లిషు విని నీ తోటివాళ్ళు నవ్వుతారని కదూ? చిన్నప్పుడు మీ కాలేజీ స్నేహితులు ఇంటికొస్తే నన్ను వంటింట్లోకి పంపేదానివి. అది నేనింకా మరిచిపోలేదు. నీకు ఇబ్బందయితే వేరే సెంటరు చూసుకుంటాను. నీ చెల్లెలినని చెప్పనుకూడా చెప్పను.

సెలవా, రాజీనామానా? ఒక్క మాట రాయి చాలు.

రాధ

---

సెంగ్‌కాంగ్,
14 మార్చి 2025

పిచ్చిదానా,

నీ ఉత్తరం చదివి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. లోహిత్ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు. నీ ఇంగ్లిషు గురించి నేను సిగ్గుపడతానా? నువ్వు వంటింట్లోకి వెళ్ళాల్సి వచ్చినందుకు ఇరవై ఏళ్ళుగా లోపల కుమిలేది నేనే. నీలాంటి టీచరు దొరికితే ఏ సెంటరువాళ్ళయినా నెత్తిన పెట్టుకుంటారు. ఇక్కడి పిల్లలకు ఆకు అంటే ప్లాస్టిక్ కుండీలోదే. నువ్వు ఒక మందారం కోసి చూపిస్తే చాలు. నా తోటివాళ్ళందరికీ నిన్ను నా చెల్లెలని చెప్పి మరీ పరిచయం చేస్తాను. ఇంకెప్పుడూ అలా రాయకు.

మరో సంగతి. ఇక్కడ హాకర్ సెంటర్లో తినడానికి వెళితే, ముందుగా కుర్చీ మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి క్యూలోకి వెళ్తారు. ఇక ఆ చోటు వాళ్ళదే. చోప్ చేయడం అంటారు. మా పక్క బ్లాకులో ఒక ఫ్లాటు మేలో ఖాళీ అవుతుందట. ఏజెంటును పట్టుకుని నీకోసం చోప్ చేసిపెట్టాను. నా వంటింటి కిటికీలోంచి నీ వంటింటి కిటికీ కనిపిస్తుంది. నీ కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో నేను లెక్కపెట్టుకోవచ్చు.

పదిహేనేళ్ళలో పండగకు నా చేత్తో నీకు వడ్డించింది రెండుసార్లు. ఇక్కడ అందరూ ఉన్నారు. రాజామణి గారున్నారు, తెలుగు సంఘం ఉంది. నా ముక్కు ఎర్రబడితే ఎందుకని అడిగేవాళ్ళు మాత్రం లేరు.

సెలవో రాజీనామానో నేను చెప్పడం ఏం బాగుంటుంది? నీ మనసుకు తెలుసు. ఏది చేసినా రావడం మాత్రం మానకు.

అక్క

---

ఖమ్మం,
26 మార్చి 2025

నా మంచి అక్కా,

ఇచ్చేశాను! నిన్న ఉదయం రాజీనామా కాగితం ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకుని, "మంచిగ ఆలోచించినవా?" అన్నాడు. మా అక్క అక్కడే టీచరు, ఆమె చెప్పిందని అన్నాను. సంతకం పెట్టి పైకి పంపాడు.

సెకండియర్ పిల్లలు ఒక పాత జామెట్రీ బాక్సులో కాలేజీ తోటలోని ఆకులన్నీ ఎండబెట్టి, కింద పేర్లు రాసి ఇచ్చారు. మూడు పేర్లు తప్పు రాశారు. దిద్దబోయి ఆగిపోయాను. సింగపూర్‌లో మన సెంటరు పిల్లలకు ఈ పెట్టె చూపిస్తాను.

కాగితం కూడా నిండింది. మంచివైపు పద్నాలుగు, చెడువైపు ఆరు. నిజానికి మొదటిదొక్కటే సరిపోయేది. నువ్వు "నెత్తిన పెట్టుకుంటారు" అని రాసిన రోజే నా భయమంతా పోయింది.

పక్క బ్లాకు ఫ్లాటు వదలకు. మే 28కి టికెట్లు చూస్తున్నాం.

నీ రాధ

---

సెంగ్‌కాంగ్,
6 ఏప్రిల్ 2025

రాధా,

ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు కాలేజీకి వెళ్ళు. రాజీనామా వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చి, సెలవు కాగితం పెట్టు. తరువాత ఇంటికొచ్చి మిగతాది చదువు.

నాకు ఉద్యోగం లేదు. పోయి నాలుగేళ్ళు కావస్తోంది. నువ్వు నెట్‌లో చదివింది నిజం. 2021లో రూలు మారింది. డిపెండెంట్ పాస్ ఉన్నవాళ్ళు పని చేయాలంటే కంపెనీ విడిగా వర్క్ పాస్ తీసుకోవాలి. మాది చిన్న సెంటరు, నా జీతానికి ఆ పాస్ రాదన్నారు. పాత అనుమతి గడువు ఆ ఏడాది ఆగస్టులో తీరింది. ఒక కేకు కోసి పంపించారు.

ఆ వారమే నీకు చెప్పాలనుకున్నాను. నువ్వే ఫోన్ చేశావు. ఆ ఏడు కాంట్రాక్టు ఇంకా పొడిగించలేదని ఏడుస్తున్నావు. "నీలా ఉండాలి అక్కా, నువ్వు దేశంకాని దేశంలో కూడా నీ కాళ్ళ మీద నిలబడ్డావు" అన్నావు. ఇంకో పని దొరికాక చెబుదామనుకున్నాను. దొరకలేదు. నెలలు గడిచాక ఇక చెప్పడానికి మొహం లేకపోయింది. పగలు వీడియో కాల్ చేస్తే ఇంట్లో ఉన్నానని తెలిసిపోతుందని ఉత్తరాల రూలు పెట్టింది నేనే. బావ చెవి, లోహిత్ చెవి అన్నీ సాకులు. ఉత్తరంలో నా మొహం నీకు కనిపించదు, అంతే.

ఆ కేకు ఏ సైజని అడిగిన పిల్ల ఇప్పుడు పెద్ద చదువుల్లో ఉండి ఉంటుంది. అది ఆరేళ్ళ కిందటి మాట.

అక్షరకు చూపిస్తానన్నానే, డ్రైవరు లేని చిన్న రైలు. బావ ఆఫీసుకూ లోహిత్ బడికీ వెళ్ళాక, నేను ఇస్త్రీ చీర కట్టుకుని బ్యాగు తగిలించుకుని ఆ రైలెక్కుతాను. రెండు చుట్లు తిరిగి ఎక్కినచోటే దిగి ఇంటికొస్తాను. ఎవరికోసమో తెలియదు. ఒకరోజు రాజామణి గారు అదే పెట్టెలో కూర్చుని రెండు చుట్లూ నాతో తిరిగారు.

నీ రాజీనామా ఉత్తరం వచ్చిన రోజు, మార్చి 31న, ఆవిడకు అంతా చెప్పాను. "అలామక్! అయ్యయ్యో శ్యామలా, ఏం పని చేసినవు? నీకు తోడు కావాలని చెల్లి పొట్ట కొట్టినవా?" అంది. అంత మెత్తని మనిషి నా మొహం మీదే అలా అంది. కాదనలేకపోయాను. సిగ్గు వల్ల మాత్రమే దాచి ఉంటే, నీ కాలేజీ మాట వినగానే చెప్పేదాన్ని. నిజం చెప్తే నువ్వు రావడం మానుకుంటావేమోనని భయపడ్డాను. నువ్వు కావాలనిపించింది. నీ పదకొండేళ్ళ కష్టం నాకు తెలిసి కూడా, నువ్వే ఎక్కువ కావాలనిపించింది.

బావకు నా ఉద్యోగం పోయిన సంగతి తెలుసు గానీ నీకు అబద్ధం చెప్తున్నానని తెలియదు. మొన్న చెప్పాను. ఆయన రెండు రోజులుగా నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు.

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

శ్యామల

---

ఖమ్మం,
19 ఏప్రిల్ 2025

శ్యామలక్కకు,

ఏప్రిల్ 11న రాజీనామా ఆమోదిస్తూ ఆర్డరు వచ్చింది. నీ ఉత్తరం 16న వచ్చింది. నువ్వు చెప్పినట్టే, చదవడం ఆపి కాలేజీకి పరుగెత్తాను. ప్రిన్సిపాల్ గారు ఆర్డరు తీసి చూపించి, "ఇగ నా చేతుల లేదమ్మా" అన్నాడు. నా కుర్చీలో అప్పుడే కాంట్రాక్టు మీద ఒకమ్మాయి కూర్చుంది. గీతాంజలి అట. నన్ను చూసి లేచి నిలబడింది. నేనూ మొదటి ఏడు ఎవరొచ్చినా అలాగే లేచేదాన్ని. కూర్చోమని చెప్పి వచ్చేశాను.

నీ ఉద్యోగం పోవడం నీ తప్పు కాదు. దాన్ని దాచడం కూడా నేను అర్థం చేసుకోగలను, అక్కా. నీలా ఉండాలంటూ నీ గొంతు నొక్కింది నేనేనేమో. అంతవరకూ నీమీద నాకు కోపం లేదు.

నా ఉత్తరం అందాక ఏప్రిల్ 1, 3, 5 తేదీల్లో నువ్వు ఫోన్ చేశావు. అప్పటికి నా రాజీనామా ఆమోదం కాలేదు. నా ఉద్యోగం ఇంకా నాదే. ఒక్క వాక్యం చెప్పి ఉంటే సరిపోయేది. మొదటిసారి వానలు పడుతున్నాయన్నావు. రెండోసారి బావకు జలుబన్నావు. మూడోసారి అక్షర బూట్ల సైజు అడిగావు. నేను సంతోషంగా లోపలికెళ్ళి, బూటు తిరగేసి చూసి వచ్చి సైజు చెప్పాను. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

సుధాకర్ ఇంతవరకూ నిన్ను ఒక్క మాట అనలేదు. నేను అననివ్వలేదు.

మేం వస్తున్నాం. ఇక్కడ నాకు ఇక కాలేజీ లేదు. అక్షరకు తండ్రైనా రోజూ ఉంటాడు. నువ్వు కోరుకున్నదే జరిగింది. కాని సెంగ్‌కాంగ్ వద్దు. ఆ చోప్ చేసింది వదిలెయ్. బిషాన్‌లో ఇల్లు చూసుకున్నాం. నా వంటింటి కిటికీలోంచి నువ్వు కనిపించకూడదు, ఇప్పట్లో. ఎయిర్‌పోర్టుకు కూడా రావద్దు.

మడిచిన కాగితం దీంతోపాటు పంపుతున్నాను. మంచివైపు మొదటిది కొట్టేశాను. తీసి చెడువైపు రాద్దామని చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి రాలేదు. ఎటు రాయాలో నువ్వే రాయి. ఈసారి నిజం రాయి.

రాధ

---

సెంగ్‌కాంగ్,
4 మే 2025

రాధా,

కాగితం అందింది. నాలుగు రోజులు భోజనాల బల్ల మీదే ఉంచాను. లోహిత్ చదవబోయి, తెలుగు చదవడం రాక నన్నే చదివి చెప్పమన్నాడు. మొత్తం చదివి చెప్పాను. నేనేం చేశానో కూడా చెప్పాను. వాడు తెలుగులో అడిగాడు, "పిన్ని ఏడ్చిందా అమ్మా?" అని.

చెడువైపు ఏడోది నా చేత్తో రాశాను. "అక్క అబద్ధం చెప్పింది." నువ్వు మంచివైపు కొట్టేసినచోట ఏమీ రాయలేదు. అది నేను రాసుకునేది కాదు.

ఆ మూడు ఫోన్లూ చెప్పాలనే చేశాను. నీ గొంతులో సంతోషం విని, ఇంకొక్క రోజు ఆ సంతోషం నాకు వినబడనీ అనుకున్నాను. నీ ఉద్యోగంతో ఆ మూడు రోజులు కొనుక్కున్నాను. క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమించేస్తావు, చిన్నప్పటినుంచీ నీకదే అలవాటు.

అమ్మకు కూడా చెప్పాను, నా ఉద్యోగం సంగతీ నీ ఉద్యోగం సంగతీ. ఇక ఎవరి దగ్గరా దాచింది లేదు. ఇస్త్రీ చీరలు లోపల పెట్టేశాను. ఆ రైలెక్కడం మానేశాను.

ఎయిర్‌పోర్టుకు రాను. పక్క బ్లాకు ఫ్లాటు ఇంకెవరో తీసుకున్నారు. ఏజెంటు దగ్గర తీసుకున్న మీ ఇంటి తాళాలు మీ బావ చేత ఇప్పిస్తాను. మీరు దిగే రోజు పొద్దున బిషాన్ వచ్చి, గుమ్మం దగ్గర ఇడ్లీ పిండి పెట్టి వెళ్తాను, స్టీలు గిన్నెలో. ప్రయాణం చేసి వచ్చి అక్షర ఆకలంటుంది. నేను వెళ్ళిపోయాకే మీరు వస్తారు.

గిన్నెకు తొందరేం లేదు. నీకు ఎప్పుడివ్వాలనిపిస్తే అప్పుడే ఇవ్వు.

శ్యామల